బోరు నీళ్లలో నైట్రేట్, పల్లాడియం కెటలిస్ట్: మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

గుంటూరులో ఒక కాలేజీ ల్యాబులో చాలా ఏళ్లుగా ఒక్క పని మీదే ఉన్నాను: బోరు నీళ్లలోని నైట్రేట్‌ని పల్లాడియం అనే లోహపు కెటలిస్ట్‌తో (తాను ఖర్చవకుండా రియాక్షన్‌ని నడిపించే పదార్థం) తీసెయ్యడం. ప్రతి ఏడాదీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కొత్త పిల్లలు వస్తారు, పీహెచ్‌డీ వాళ్లు విజయవాడ నుంచి ఫోన్ చేస్తారు, మధ్యలో ఊళ్లో బోరున్న చుట్టాలు రిపోర్టు ఫొటో తీసి పంపిస్తారు. అందరి డౌట్లూ దాదాపు అవే. అందుకని వాళ్లు అడిగిన మాటల్లోనే పెట్టి ఇక్కడ రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టక ముందు

మేడం, మా బోరు నీళ్లకి ఒక ల్యాబ్ నైట్రేట్ 60 అని ఇచ్చింది, ఇంకో ల్యాబ్ 13.5 అంటోంది. ఎవరు తప్పు?

ఎవరూ తప్పు కాదు. మొదటివాళ్లు నైట్రేట్ మొత్తం బరువు రాశారు, రెండోవాళ్లు అందులో ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే రాశారు. నైట్రోజన్ లెక్కని 4.43తో హెచ్చిస్తే నైట్రేట్ లెక్క వస్తుంది. మన దేశపు తాగే నీళ్ల ప్రమాణం, ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపు కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 50 అంటుంది, అమెరికా వాళ్లు నైట్రోజన్‌గా 10 అంటారు, అంటే దాదాపు మన లెక్కే. రిపోర్టు చేతికి రాగానే ముందు "నైట్రేట్‌గానా, నైట్రోజన్‌గానా" అని అడగండి. ఇది అడగకపోవడం వల్ల 13.5 చూసి హాయిగా నిద్రపోయినవాళ్లు నాకు తెలుసు.

కాచి చల్లార్చి తాగితే పోదా?

పోదు, ఇంకా పెరుగుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, నైట్రేట్ గిన్నెలోనే ఉంటుంది. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఉప్పులు ఎక్కడికీ పోవు. ఆరు నెలల లోపు పసిపిల్లలకి ఇలాంటి నీళ్లతో డబ్బా పాలు కలపడం అన్నిటికన్నా ప్రమాదం. కడుపులో నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తం ఆక్సిజన్‌ని మోయలేకుండా చేస్తుంది, బిడ్డ పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. బావి నీళ్లకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టర్ బయటపెట్టాడు. ఇంట్లో చంటిబిడ్డ ఉండి బోరు 45 దాటితే ఈ పేజీ మొత్తం చదువుతూ కూర్చోవద్దు, ముందు పాలు కలిపే నీళ్లు మార్చండి.

ఆర్ఓ ప్లాంట్లు వీధికొకటి ఉన్నాయి కదా, మళ్లీ ఈ కెటలిస్ట్ ఎందుకు?

ఆర్ఓ పని చేస్తుంది, కాదనను. కానీ అది నైట్రేట్‌ని నాశనం చెయ్యదు, ఒక పక్కకి తోస్తుంది అంతే. మీకు 20 లీటర్ల టిన్నులో మంచినీళ్లు వస్తే, ప్లాంటు వెనక పైపులోంచి ఇంకా చిక్కటి నైట్రేట్ నీళ్లు సైడు కాలువలోకి పోతాయి, అక్కడి నుంచి భూమిలోకి, అక్కడి నుంచి మళ్లీ ఎవరి బోరులోకో. అయాన్ ఎక్స్‌ఛేంజ్ రెజిన్ (నైట్రేట్‌ని పట్టుకుని బదులుగా వేరే ఉప్పు వదిలే గుళికలు) వాడినా అంతే, రెజిన్ కడిగిన ఉప్పు నీళ్లలో నైట్రేట్ అలాగే ఉంటుంది. బ్యాక్టీరియాతో తీసేస్తే నిజంగానే నైట్రోజన్ వాయువు అవుతుంది, కాకపోతే ఆ బ్యాక్టీరియాకి తిండి పెట్టాలి, తర్వాత నీళ్లని మళ్లీ శుభ్రం చెయ్యాలి. కెటలిస్ట్ మీద మాకున్న ఆశ ఏమిటంటే నైట్రేట్‌ని గాలిలో ఇప్పటికే 78 శాతం ఉన్న నైట్రోజన్‌గా మార్చి వదిలెయ్యడం. పక్కింటి బోరుకి పంపకుండా.

పల్లాడియం ఒక్కటే చాలదా, రెండో లోహం ఎందుకు?

పల్లాడియం హైడ్రోజన్‌ని బాగా పట్టుకుంటుంది, నైట్రైట్‌ని చకచకా విరగ్గొడుతుంది, కానీ మామూలుగా నైట్రేట్ జోలికి పోదు. నైట్రేట్ నుంచి మొదటి ఆక్సిజన్‌ని లాగడానికి రాగి, తగరం, ఇండియం లాంటిది పక్కన ఉండాలి. రాగి ఆ ఆక్సిజన్ తీసుకుని తాను ఆక్సీకరణం చెందుతుంది, పక్కనున్న పల్లాడియం మీది హైడ్రోజన్ వచ్చి రాగిని మళ్లీ మామూలు స్థితికి తెస్తుంది. అక్కడ పుట్టిన నైట్రైట్ పల్లాడియం మీదికి వెళ్లి నైట్రోజన్ అవుతుంది, లేదా అమ్మోనియా అవుతుంది. ఈ రెండు లోహాల పద్ధతిని 1989లో జర్మనీలో వోర్లోప్, టాకె అనే ఇద్దరు మొదట చూపించారు. ఈ పని మొత్తం గది ఉష్ణోగ్రత దగ్గరే జరుగుతుంది, నన్ను ఈ సబ్జెక్టులోకి లాగింది అదే.

## కెటలిస్ట్ తయారు చేసేటప్పుడు

రాగి వెయ్యాలా, తగరమా, ఇండియమా?

నేర్చుకోవడానికైతే రాగి. చవక, తయారీ తేలిక, పోల్చుకోవడానికి పాత పేపర్లు బోలెడు ఉన్నాయి. నీళ్లకి వాడే ఉద్దేశం ఉంటే తగరం గానీ ఇండియం గానీ చూడండి. అమ్మోనియా తక్కువ రావడంలోనూ, నీళ్లలోకి కరిగిపోకుండా నిలబడడంలోనూ ఇవి రాగి కన్నా మెరుగని చాలా గ్రూపులు చూశాయి. నా ఓటు ఇండియానికి.

రెండో లోహం ఎక్కువ వేస్తే ఇంకా ఫాస్టుగా అవుతుంది కదా?

కాదు. కొంతవరకు వేగం పెరుగుతుంది, ఆ తర్వాత పడిపోతుంది. గ్రాఫ్ గీస్తే కొండ ఆకారంలో వస్తుంది. ఎందుకంటే మీరు రాగి వేసేకొద్దీ పల్లాడియం కప్పబడిపోతుంది, పల్లాడియం కప్పబడితే హైడ్రోజన్ దిగడానికి చోటుండదు, హైడ్రోజన్ లేకపోతే ఆక్సీకరణం చెందిన రాగి అలాగే ఉండిపోతుంది. రైస్ యూనివర్సిటీలో మైఖేల్ వాంగ్ గ్రూపు పల్లాడియం నానో రేణువుల మీద ఇండియాన్ని కొద్దికొద్దిగా పరిచి చూసి 2018లో ప్రచురించింది, ఉపరితలంలో 40 శాతం దగ్గర కప్పినప్పుడు వేగం అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది. పాత పద్ధతిలో అల్యూమినా (లోహాల్ని పట్టి ఉంచే తెల్లటి పొడి) మీద 5 శాతం పల్లాడియం వేసి, దాంట్లో నాలుగో వంతు బరువు రాగి వేస్తారు. అక్కడి నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ కనీసం నాలుగు నిష్పత్తులు చెయ్యండి, ఒక్కటి చేసి "ఇదే బెస్టు" అని రాయొద్దు.

ల్యాబులో కాపర్ నైట్రేట్ సీసా ఉంది, దాంతో చేసెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, జాగ్రత్తగా. మా దగ్గర ఒక అమ్మాయి రెండు వారాలు తల పట్టుకుంది: రియాక్షన్ మొదలైన పది నిమిషాల్లో నైట్రేట్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. కారణం, పొడిని సరిగ్గా కాల్చలేదు, కాపర్ నైట్రేట్‌లోని నైట్రేటే అల్యూమినాలో మిగిలిపోయి నీళ్లలోకి దిగుతోంది. 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, తర్వాత ఫర్నేసులో పూర్తిగా కాల్చి, హైడ్రోజన్‌లో రెడ్యూస్ చేసి (అంటే లోహపు ఉప్పుని లోహంగా మార్చి), చివరికి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆ కడిగిన నీళ్లలో నైట్రేట్ చూడండి. సున్నా వచ్చాకే ముందుకెళ్లండి. క్లోరైడ్ వాడినా కడగాల్సిందే, మిగిలిన క్లోరైడ్ లోహం మీద చోటు ఆక్రమిస్తుంది. పల్లాడియం క్లోరైడ్ ద్రావణం పోసినప్పుడు తెల్లటి అల్యూమినా పొడి ఇటుక రంగు గోధుమకి తిరుగుతుంది, హైడ్రోజన్ తగిలాక బూడిద నలుపు అవుతుంది. ఎక్కడైనా గోధుమ మచ్చలు మిగిలితే రెడక్షన్ పూర్తి కాలేదని అనుమానించండి.

పల్లాడియం కొనే బడ్జెట్ లేదు. ఇనుము, నికెల్ వాడితే?

నానో ఇనుము పొడి నైట్రేట్‌ని తీసేస్తుంది, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ ఎక్కువ భాగం అమ్మోనియా చేసిపెడుతుంది, పైగా ఇనుము తానే ఖర్చయిపోతుంది కాబట్టి దాన్ని కెటలిస్ట్ అనడం కూడా కష్టం. నికెల్ నీళ్లలోకి దిగితే ప్రమాదం, తాగే నీళ్లలో దాని హద్దు లీటరుకు 0.02 మిల్లీగ్రామే. బడ్జెట్ సమస్యకి నా సలహా వేరే: పల్లాడియాన్ని అల్యూమినా గుళిక లోపలి దాకా నింపకుండా, గుడ్డు పెంకు లాగా పైపొరలో మాత్రమే ఉండేలా వెయ్యండి. నైట్రేట్ గుళిక లోపలికి చేరేలోపే పైన రియాక్షన్ అయిపోతుంది, లోపలున్న పల్లాడియం డబ్బు దండగ.

## రియాక్షన్ నడిపేటప్పుడు

హైడ్రోజన్ సిలిండర్ దొరకలేదు, నీళ్లలో హైడ్రోజన్ వదిలే బోరోహైడ్రైడ్ పొడి వేసేస్తే?

ఒక్కసారి కెటలిస్ట్ పని చేస్తుందో లేదో చూడ్డానికి సరే. బోరాన్ నీళ్లలో మిగిలిపోతుంది, పీహెచ్ ఎగిరిపోతుంది, ఆ నీళ్లని ఎవరూ తాగలేరు. ఫార్మిక్ ఆసిడ్ దీనికన్నా నయం, పల్లాడియం మీద విడిపోయి హైడ్రోజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, ఆ వాయువే పీహెచ్‌ని కూడా పట్టి ఉంచుతుంది. కాకపోతే మిగిలిన ఆసిడ్ ఎంతో కొలవడం మర్చిపోవద్దు.

అరగంట బాగా నడిచి తర్వాత మందగించింది, పీహెచ్ చూస్తే 11. ఏం జరిగింది?

ఒక్కో నైట్రేట్ నైట్రోజన్‌గా మారినప్పుడు ఒక హైడ్రాక్సైడ్ పుడుతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల నైట్రేట్ మొత్తం పోతే డిస్టిల్డ్ వాటర్‌లో పీహెచ్ 11 దాటడం లెక్క ప్రకారమే. ఆ హైడ్రాక్సైడ్ లోహం మీద నైట్రైట్‌తో పోటీపడి పని నెమ్మదింపజేస్తుంది, పైగా అమ్మోనియా వైపు మొగ్గు పెంచుతుంది. హైడ్రోజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా బుడగలుగా పంపండి, పీహెచ్ 5, 6 మధ్య నిలబడుతుంది. తర్వాత నీళ్లకి గాలి పట్టిస్తే ఆ వాయువు పోతుంది, 6.5 పైకి వస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలు వేసి సరిచేసేవాళ్లున్నారు, దాంతో క్లోరైడ్ పెరుగుతుందని గుర్తుంచుకోండి.

స్టిర్రర్ స్పీడు మారిస్తే రిజల్టు మారుతోంది, కెటలిస్ట్ పాడైందా?

కెటలిస్ట్ బాగానే ఉంది, హైడ్రోజన్ అందడం లేదు. లెక్క చూడండి: 100 మిల్లీగ్రాముల నైట్రేట్‌ని నైట్రోజన్ చెయ్యడానికి లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల హైడ్రోజన్ కావాలి. 25 డిగ్రీల దగ్గర మామూలు ఒత్తిడిలో నీళ్లలో కరిగేది 1.6 మిల్లీగ్రాములే. అంటే ఐదు రెట్లు, కరుగుతూ ఉండగానే అందుతూ ఉండాలి. స్పీడు పెంచుతూ పోండి, ఎక్కడి నుంచి వేగం మారడం ఆగిపోతుందో ఆ పైనే మీ కొలతలు తీసుకోండి. లేదంటే మీరు కొలుస్తున్నది కెటలిస్ట్ పనితనం కాదు, మీ స్టిర్రర్ పనితనం. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. హైడ్రోజన్ మరీ దండిగా ఉంటే లోహం మీద ఒంటరి నైట్రోజన్ ఇంకో నైట్రోజన్‌ని కలిసేలోపే హైడ్రోజన్లు చుట్టుముట్టి అమ్మోనియా చేసేస్తాయి. తక్కువైతే నెమ్మది, ఎక్కువైతే అమ్మోనియా. పోరస్ మెంబ్రేన్ (సన్నటి రంధ్రాల పొర) గుండా హైడ్రోజన్‌ని నెమ్మదిగా అందించే రియాక్టర్ల మీద పని జరుగుతోంది అందుకే.

వడకట్టిన కెటలిస్ట్‌ని ఫిల్టర్ పేపర్ మీదే ఆరబెట్టొచ్చా?

కార్బన్ మీద పల్లాడియం అయితే వద్దు, దయచేసి వద్దు. హైడ్రోజన్ తాగి ఉన్న పొడి ఆరగానే గాలి తగిలి అంటుకుంటుంది. నా కళ్ల ముందే ఒక ల్యాబులో ఫిల్టర్ పేపర్ అంచు ఎర్రగా పాకుతూ కాలింది, పక్కనే మిథనాల్ సీసా, మూత తీసి ఉంది. ఎవరో తడి గుడ్డ విసిరారు కాబట్టి సరిపోయింది. పొడిని ఎప్పుడూ తడిగానే ఉంచండి, ముందు నైట్రోజన్ పంపి హైడ్రోజన్‌ని తరిమెయ్యండి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా మండుతుంది, కాబట్టి రియాక్టర్ నుంచి వచ్చే ట్యూబుని కిటికీ బయటికి గానీ ఫ్యూమ్ హుడ్‌లోకి గానీ పెట్టాల్సిందే. వేసవి కదా అని ఏసీ వేసి తలుపులు మూసుకుని ఈ ప్రయోగం నడపొద్దు.

## కొలిచేటప్పుడు

నైట్రేట్ 98 శాతం పోయింది మేడం, పేపర్ రాసెయ్యొచ్చా?

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నేను అడిగేది ఒక్కటే: నైట్రోజన్ ఎక్కడికి పోయింది? లీటరుకు 100 మిల్లీగ్రాముల నైట్రేట్‌లో 22.6 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది. తాగే నీళ్లలో అమ్మోనియా, నైట్రోజన్ లెక్కన, 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే మొత్తం తీసేసే పనైతే అందులో 2.2 శాతం మాత్రమే అమ్మోనియా కావచ్చు. మొత్తం అక్కర్లేదు, 45కి దించితే చాలనుకున్నా 4 శాతం దాటకూడదు. "90 శాతం నైట్రోజన్ సెలెక్టివిటీ" అని గర్వంగా రాసిన, అంటే పోయిన నైట్రేట్‌లో 90 శాతాన్ని నైట్రోజన్ వాయువు చేసే కెటలిస్ట్ కూడా ఈ లెక్కలో ఫెయిలే, నైట్రేట్‌ని 45కి దించేలోపు హద్దుకి రెండున్నర రెట్ల అమ్మోనియా చేసిపెడుతుంది. అందుకని నైట్రేట్, నైట్రైట్, అమ్మోనియా మూడూ ప్రతి శాంపిల్‌లో కొలవండి. వాటిని కూడి మొదటి నైట్రోజన్‌లోంచి తీసేస్తే మిగిలిందంతా నైట్రోజన్ వాయువు అని రాసుకోవడం అలవాటైపోయింది, కానీ అందులో నైట్రస్ ఆక్సైడ్ కూడా దాక్కుని ఉండొచ్చు, వీలుంటే పైనున్న గ్యాస్‌ని జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీలో) చూడండి. ఇంకొక సంగతి, రెండు కెటలిస్టుల సెలెక్టివిటీ పోల్చేటప్పుడు రెండింటిలోనూ నైట్రేట్ ఒకే శాతం పోయిన దగ్గర పోల్చండి. ఒకటి 30 శాతం దగ్గర, ఇంకొకటి 98 శాతం దగ్గర పెట్టి పోలిస్తే అది పోలిక కాదు, ఎందుకంటే చివర్లో నైట్రేట్ అయిపోయి హైడ్రోజన్ మిగిలిపోయినప్పుడే అమ్మోనియా ఎక్కువ పుడుతుంది.

నైట్రేట్‌ని యూవీ కాంతిలో 220 నానోమీటర్ల దగ్గర చూస్తే చాలదా?

స్వచ్ఛమైన నైట్రేట్ ద్రావణానికి చాలు. రియాక్షన్ మధ్యలో నైట్రైట్ ఉంటుంది, అది కూడా అక్కడే కాంతిని పీల్చుకుంటుంది, మీకు నైట్రేట్ తగ్గనట్టు కనిపిస్తుంది. అయాన్ క్రొమటోగ్రఫీ (అయాన్లని విడదీసి ఒక్కొక్కటిగా కొలిచే మెషీన్) ఉంటే అదే వాడండి. లేకపోతే నైట్రైట్‌కి సల్ఫానిలమైడ్ రంగు పరీక్ష విడిగా చెయ్యండి: రెండో రీఏజెంట్ పడగానే గులాబీ రంగు పాకుతుంది, 543 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఆ గులాబీ మొదటి అరగంట చిక్కబడి తర్వాత వెలిసిపోతే మీ కెటలిస్ట్ సరైన దారిలో నడుస్తోందని కంటితోనే తెలుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ టెస్ట్‌ట్యూబుల వరస చూడ్డం ఇష్టం.

బ్లాంకులోనే (రియాక్షన్ జరగని పోలిక శాంపిల్‌లోనే) అమ్మోనియా వస్తోంది, ఏం చెయ్యాలి?

పక్క టేబుల్ మీద ఎవరైనా అమ్మోనియా సీసా తెరిచారేమో చూడండి. నిజంగానే ఎక్కువసార్లు కారణం అదే, నీళ్లు దాన్ని గాలిలోంచి లాక్కుంటాయి. తర్వాత డిస్టిల్డ్ వాటర్ మార్చి చూడండి. హైడ్రోజన్ లేకుండా కెటలిస్ట్‌తో ఒక బ్లాంకు, కెటలిస్ట్ లేకుండా హైడ్రోజన్‌తో ఒక బ్లాంకు తప్పనిసరి. ఆసిడ్ పీహెచ్‌లో అల్యూమినా ఉత్తినే నైట్రేట్‌ని అంటించుకుంటుంది, అది రియాక్షన్ అని భ్రమపడతారు.

## అసలు బోరు నీళ్ల దగ్గరికి వచ్చాక

డిస్టిల్డ్ వాటర్‌లో గంటలో అయింది, మా ఊరి బోరు నీళ్లలో సగం కూడా కాలేదు. ఎందుకు?

మన వైపు నీళ్లలో నైట్రేట్ ఒక్కటే ఉండదు కదా. బట్టలకి సబ్బు నురగ రాదు, గీజర్ రాడ్‌కి తెల్లటి పెచ్చు కడుతుంది, అదే కాల్షియం, బైకార్బనేట్. బైకార్బనేట్, క్లోరైడ్ లోహం మీద నైట్రేట్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటాయి. రియాక్షన్‌లో పుట్టే హైడ్రాక్సైడ్ వల్ల గుళిక రంధ్రాల లోపల పీహెచ్ పెరిగి, గీజర్ రాడ్ మీద కట్టిన పెచ్చే అక్కడా కడుతుంది. ఆకులు, మట్టి నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు కూడా పొరలా పరుచుకుంటాయి. అన్నిటికన్నా ఘోరం సల్ఫైడ్, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే బోరైతే పల్లాడియం కొద్ది సేపట్లోనే మూగబోతుంది. అందుకే నా దగ్గర చేరినవాళ్లకి మొదటి నెలలోనే బోరు నీళ్లు తెచ్చి నడపమంటాను, చివరి నెలలో కాదు. డిస్టిల్డ్ వాటర్‌లో మూడేళ్లు మెరుగులు దిద్ది చివరి అధ్యాయంలో బోరు నీళ్లు పోస్తే అప్పటికి మార్చడానికి టైం మిగలదు.

సల్ఫైడ్ పట్టిన కెటలిస్ట్ మళ్లీ పని చేస్తుందా?

చాలావరకు చేస్తుంది. పలుచని హైపోక్లోరైట్ ద్రావణంతో, అంటే మనం ట్యాంకులు కడగడానికి వాడే బ్లీచింగ్ తరహా ద్రావణంతో కడిగితే సల్ఫైడ్ సల్ఫేట్ అయి వదిలిపోతుంది. దాని వల్ల రెండో లోహం కొంత కరిగిపోవచ్చు కాబట్టి కడిగిన నీళ్లలో ఇండియం, రాగి చూసుకోండి. సున్నం పెచ్చు అయితే పలుచని ఆసిడ్‌కి వదులుతుంది, అక్కడా అదే జాగ్రత్త.

కరెంటుతో నైట్రేట్‌ని అమ్మోనియా చేసి ఎరువుగా వాడొచ్చని చదివాను. నిజమేనా?

నిజమే, కానీ అది వేరే నీళ్ల కథ. నైట్రోజన్ దాకా వెళ్లడానికి ఒక్కో నైట్రేట్‌కి 5 ఎలక్ట్రాన్లు కావాలి, అమ్మోనియాకి 8. రైస్ యూనివర్సిటీలోనే హావోటియన్ వాంగ్ గ్రూపు 2022లో రుథేనియం అణువులు చల్లిన రాగి నానో తీగలతో లీటరుకు 2000 మిల్లీగ్రాముల నైట్రేట్‌ని 50 కన్నా కిందికి దించి చూపించింది, కరెంటులో 90 శాతానికి పైగా అమ్మోనియాకే పోయింది. ఫ్యాక్టరీ వ్యర్థ జలాలకి, రెజిన్ కడిగిన ఉప్పు నీళ్లకి ఇది చాలా బాగుంటుంది. మన బోరు నీళ్లలో నైట్రేట్ పలుచగా ఉంటుంది, నీళ్లలో కరెంటు అంతగా పారదు, పైగా తాగే నీళ్లలో మనకి అమ్మోనియా అసలు వద్దు. మిర్చి చేలో వేసిన యూరియాలో కొంత వర్షానికి దిగిపోయి బోరులో తేలుతుంటే దాన్ని తిరిగి ఎరువు చెయ్యాలన్న ఆలోచన మాత్రం నాకు చాలా నచ్చుతుంది, ఎవరైనా ఆ పని మొదలుపెడితే నా దగ్గరున్న డేటా ఇస్తాను.

మేడం, ఇదంతా సరే, మా ఇంటి ట్యాంకుకి ఇప్పుడు పెట్టుకోవచ్చా?

ఇప్పుడు కాదు. ఇంట్లో హైడ్రోజన్ పెట్టుకోమని నేను చెప్పను, అమ్మోనియా, కరిగే లోహం రోజూ కొలిచే ఏర్పాటు ఇంట్లో ఉండదు. ఊరంతటికీ ఒక చోట పెట్టి, చూసుకునే మనిషి ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు, నా ప్రయత్నం కూడా అటే. ప్రస్తుతానికి తాగడానికి, వంటకి కృష్ణా నీళ్లు వచ్చే కుళాయి ఉంటే అదే వాడండి, లేకపోతే ఆర్ఓ. బోరు పక్కన పేడదిబ్బ గానీ సెప్టిక్ ట్యాంకు గానీ ఉంటే ముందు దాన్ని దూరం జరపండి. నీళ్లు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పరీక్ష చేయించండి. శాంపిల్ పట్టే ముందు బోరు వేసి పది నిమిషాలు నీళ్లు పారనివ్వండి, సీసాని ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలవండి, ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబుకి ఇవ్వండి.